ఒంటికి సెలవు

మా ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోగుల్లో సగం మందికి డాక్టరమ్మ గది ఎటువైపో తెలియదు. మందక్క కిటికీ మాత్రం కళ్లు మూసుకుని చూపిస్తారు. లోపలికి రాగానే ఎడమచేతి వైపు మూడోది. రెండోది నాది, నేను చీటీలు రాస్తాను. మా ఇద్దరి మధ్యా ఉన్నది చెక్క గోడ, అదీ నడుం ఎత్తు వరకే. కాబట్టి పదకొండేళ్లపాటు ఆమె మాట్లాడిన ప్రతి మాటా నా చెవిన పడింది. నాకు పూసగుచ్చినట్టు చెప్పడం రాదు, కోపం వచ్చినచోట కోపంగానే చెప్తాను. అందులో సగం కోపం నా మీదే.

ఆమె పని పైకి చూస్తే పనిలా కనిపించదు. క్షయ రోగులు సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తారు. ఒక్కొక్కరి పేరు మీద ఒక అట్టపెట్టె, దాని నిండా ఆరు నెలల మాత్రలు. ఆమె ఆ రోజు మాత్రలు అరచేతిలో పోసి గ్లాసుడు నీళ్లిచ్చేది. వాళ్లు ఆమె ఎదుటే మింగాలి. మింగాక నోరు తెరవాలి, నాలుక పైకెత్తాలి. బుగ్గన దాచుకుని గేటు దాటాక ఉమ్మేసే ఘనులు ఉంటారు మరి. అంతా చూశాక కార్డులో ఆ తేదీ గడిలో ఒక టిక్కు పెట్టేది. గడి ఖాళీగా ఉంటే డాక్టరమ్మ పిలిచి ఎందుకని అడుగుతుంది.

మందక్క మనసు వెన్న. చిన్నపిల్ల ఏడిస్తే తనకే ముల్లు గుచ్చుకున్నట్టు ముఖం పెట్టేది. పదహారేళ్లకే తల్లి పోయింది. అప్పటికి తమ్ముడికి ఆరేళ్లు. వాణ్ని చంకనేసుకునే ఇక్కడ ఆయాగా చేరింది, వాడు బెంచీ కింద నిద్రపోతుంటే వార్డు తుడిచేది. కొన్నేళ్లకు మందుల కిటికీ అప్పగించారు. పెళ్లి మాట ఎత్తితే, "ఉన్న పిల్లాణ్ని పెంచనివ్వండి ముందు" అని నవ్వేసేది. అలా పెంచిన తమ్ముడు కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే పని నేర్చి, బజార్లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. రెండు గదుల ఇంట్లో అక్కా తమ్ముడూ ఉండేవారు.

ఆ తల్లి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మందక్క చేసిన తప్పుకు వేరు అక్కడుంది. తల్లికి నిద్ర పట్టేది కాదట. మొదట్లో ఒక మాత్ర వేసుకుంటే సరిపోయేది. ఏడాదికి రెండయ్యాయి, ఆ తర్వాత నాలుగు. చివరికి ఎన్ని వేసుకున్నా నీళ్లు తాగినట్టే ఉండేదట. "ఒళ్లు మందుకు అలవాటు పడిపోతే ఇక అది మందు కాదే, మట్టి" అనేది మందక్క. కళ్లారా చూసిన సంగతి, తనింట్లో జరిగిన సంగతి. దాన్ని కాదనడానికి మనమెవరం?

అందుకని ఆమె తన రోగులకు ఒంటికి సెలవు ఇచ్చేది. రెండు నెలలు మింగేసరికి చాలామందికి దగ్గు తగ్గుతుంది, కాస్త కండ పడుతుంది. అప్పుడు మొదలవుతాయి వాంతులు, కీళ్లనొప్పులు, ఆ మాత్రలు చూస్తేనే కడుపులో తిప్పడం. మింగలేక కక్కలేక కిటికీ దగ్గర నిలబడతారు. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ వారం ఒంటికి సెలవిద్దాం. అలవాటు తప్పితే మళ్లీ మందు బాగా పట్టుకుంటుంది. ఎవరితోనూ అనకు" అనేది. మాత్రలు చేతులు కడుక్కునే తొట్టిలో కరిగించేసేది. కార్డులో టిక్కు పెట్టేది. అందరికీ కాదు, బాగా బాధపడేవాళ్లకే. ఆ టిక్కులు నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? పాపం ఎంత మంచిదో అనుకున్నాను.

మా లాబ్‌లో కఫం పరీక్షలు చేసే ఆయనను అందరం స్లైడ్ల బాబాయి అంటాం. పొద్దున్నించి సాయంత్రం దాకా మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చుంటాడు. చదువుంది, ఓపిక లేదు. ఒకరోజు మధ్యాహ్నం వెనకగదిలో అన్నాలు తింటుంటే వాచ్‌మన్ వచ్చి, వాళ్లమ్మాయికి బడిలో మనిషి కోతి నుంచి పుట్టాడని చెప్తున్నారని, అది నిజమేనా అని అడిగాడు. బాబాయి ముద్ద వదిలేసి జీవపరిణామం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. ప్రకృతి వరణం అన్నాడు, ఉత్పరివర్తనం అన్నాడు. వాచ్‌మన్ నోరు తెరుచుకుని వింటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే అదే.

మందక్క మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి నింపాదిగా అడిగింది. "బాబాయ్, కోతులన్నీ మనుషులైపోతే మరి గోడ మీద కూర్చుని నా చీర కొంగు లాగినదెవరు? దానికి కబురు అందలేదా?"

గది గదంతా ఘొల్లుమంది. ముందు నవ్వింది నేనే.

"కోతి మనిషి కాలేదమ్మా. మనకీ దానికీ ముత్తాతలు ఒకరే" అన్నాడాయన, ముఖం కందగడ్డలా చేసుకుని.

"అయితే అది నాకు వరసకి ఏమవుతుంది, వదినా?" అంది మందక్క. "అయినా అది సిద్ధాంతమే కదా బాబాయ్. ఎవరో అనుకున్న మాట. రుజువయ్యాక చెప్పు, ఒప్పుకుంటాను."

"సిద్ధాంతమంటే ఎవరో అనుకున్న మాట కాదు. మూర్ఖులతో నాకెందుకు" అని ఆయన అన్నం సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన కనబడితే చాలు, ఎవరో ఒకరు "వదిన బాగుందా బాబాయ్" అనేవాళ్లం. తనకు తెలిసింది పక్కవాడికి తెలిసేలా చెప్పడం ఆయనకు చేతకాలేదు. అడిగి తెలుసుకోవడం మాకు చేతకాలేదు. ఎవరి కుందేటికి వాళ్లవే మూడు కాళ్లు.

పోయినేడు ఎండలు ముదిరేముందు తమ్ముడికి దగ్గు పట్టుకుంది. కొట్టులో వార్నిష్ పొగ వల్లేమో అనుకున్నారు. కఫం చూస్తే క్షయ. మందక్క ఒక పూట ఏడ్చి, మర్నాడు పొద్దున్నే తమ్ముడి పేరు మీద అట్టపెట్టె తెరిచింది. "దీనికి మందుంది, ఆరు నెలల్లో గుర్రంలా అయిపోతావు" అని వాడి తల నిమిరి చెప్పింది. రెండో నెలకే వాడు తేరుకున్నాడు. మూడో నెలలో వాంతులు మొదలయ్యాయి. మాత్రలు తింటే తీగ చుట్టడానికి చేతులు ఆడటం లేదని, కళ్లు తిరుగుతున్నాయని మొత్తుకున్నాడు.

పరాయివాళ్లకే సెలవిచ్చే మనిషి, కన్నకొడుకులాంటి తమ్ముడికి ఇవ్వదా? ఒక వారం ఇచ్చింది. మళ్లీ పది రోజులిచ్చింది. ఐదో నెలలో ఏకంగా మూడు వారాలిచ్చింది. కార్డు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది, ఒక్క గడీ ఖాళీ లేదు. ఆరో నెల చివర కఫం శుభ్రంగా వచ్చింది. మా అందరికీ స్వీట్లు పంచింది.

ఎనిమిది నెలలు తిరక్కుండా దగ్గు మళ్లీ వచ్చింది.

డాక్టరమ్మ పాత కార్డు తెప్పించుకుని చూసింది. "ఒక్క డోసు కూడా మానలేదు. మంచివాడు. అయితే ఇది ఎవరి దగ్గర నుంచో కొత్తగా అంటుకుని ఉంటుంది. మళ్లీ అవే మందులు వాడదాం" అంది. మధ్యలో మందు మానినవాళ్ల కఫం అయితే పెద్ద లాబ్‌కు పంపుతారు. ఏ మందుకు క్రిమి చస్తుందో, ఏ మందుకు చావదో అక్కడ పెంచి చూస్తారు. ఆ పరీక్షలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. కాబట్టి మానకుండా మింగినవాళ్లకు అది రాయరు. కార్డు ప్రకారం తమ్ముడు మానలేదు.

ఈసారి మందక్క ఒక్క రోజు కూడా సెలవివ్వలేదు. భయం పట్టుకుంది కదా. వాడు కక్కితే మళ్లీ మింగించింది. అయినా వాడు తేరుకోలేదు. చొక్కా భుజాల మీద నుంచి జారేది. కొట్టు మూసేశారు. రెండు నెలలకు కఫం పరీక్ష చేయాల్సిన రోజు, స్లైడ్ల బాబాయి తన గదిలోంచి లేచి, ఎప్పుడూ రానివాడు, మూడో కిటికీ దగ్గరికి వచ్చాడు. వదిన సంగతి అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

"అమ్మా, నీ తమ్ముడి స్లైడులో ఎన్నున్నాయో లెక్కపెట్టలేకపోయాను. రెండు నెలలు మందు పడ్డవాడి కఫం ఇలా ఉండదు."

"ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది బాబాయ్" అంది మందక్క. "మా అమ్మకు కూడా ఇంతే. వాడికి ఇంకాస్త ఎక్కువ సెలవు..." అని నాలుక కరుచుకుంది.

ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "సెలవా?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆ రోజు ఆయన ఒక్క పుస్తకం మాట కూడా వాడలేదు.

"మీ అమ్మ నిద్రమాత్ర పనిచేసేది మీ అమ్మ ఒంటి మీద. అందుకే అలవాటు పడింది ఒళ్లు. ఈ మాత్ర పనిచేసేది ఒంటి మీద కాదమ్మా, క్రిమి మీద. వాడి ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉండవు, ఒక తల్లి పిల్లలే ఒకేలా ఉండరు కదా. కొన్ని త్వరగా చస్తాయి. ఎక్కడో ఒకటో రెండో మొండివి ఉంటాయి. అన్ని మందులూ కలిపి ఆపకుండా కొడితే అవీ చస్తాయి. మధ్యలో ఆపావనుకో, అప్పటికి చచ్చినవి మెత్తవి, మిగిలినవి మొండివి. మిగిలినవాటికే పిల్లలు పుడతాయి. పిల్లలూ మొండివే. మళ్లీ మందు వేసి మళ్లీ ఆపితే, ఇంకా మొండివి మిగులుతాయి."

"అంటే క్రిమి తెలివి మీరిందా?"

"ఏదీ తెలివి మీరలేదు. ఏ ఒక్కటీ మారలేదు కూడా. చచ్చేవి చచ్చాయి, చావనివి మిగిలాయి. కొన్నాళ్లకు అన్నీ చావనివే అయ్యాయి. నేను ఆ రోజు అన్నం ముందు మొత్తుకున్నది ఇదేనమ్మా."

"అది కోతుల సంగతి కదా" అంది మందక్క చిన్నగా.

"కోతులది కోట్ల ఏళ్ల సంగతి. వీటికి రోజు తిరక్కుండా పిల్లలు పుడతాయి. ఏడాది చాలు."

ఆయన వెళ్లిపోయాడు. వరసలో ఉన్న ముసలాయన రెండుసార్లు పిలిచినా ఆమె వినలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "పిండి జల్లెడ పట్టానే నేను. మెత్తటిదంతా పోగొట్టి, నూకంతా వాడి గుండెల్లో దాచిపెట్టాను." ఆ టిక్కులు నేనూ చూశాను కదా.

అప్పుడు ఆమె నన్నొక మాట అడిగింది. "డాక్టరమ్మకు చెప్పనా?"

చెప్తే తమ్ముడి కఫం పెద్ద లాబ్‌కు వెళ్తుంది. ఏ మందుకు చస్తుందో తెలుస్తుంది. చెప్పకపోతే పనిచేయని మందే మింగుతూ వాడు పోతాడు. ఇంత తెలిసి కూడా నేనన్న మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. "చెప్తే ఉద్యోగం పోతుందక్కా. కేసు కూడా పెడతారేమో. ఇంకో నెల చూడు, తగ్గుతుందేమో" అన్నాను. నా భయం నాది. చూసి ఊరుకున్నావెందుకని నన్నూ అడుగుతారు కదా.

మూడు రోజులు ఆమె నా మాట విన్నది. ఆ మూడు రోజులూ ఆమె భయపడటం నేను దగ్గర్నుంచి చూశాను. టెలిఫోన్ మోగితే ఉలిక్కిపడేది. రోగులకు మాత్రలు పోస్తుంటే సగం కింద పడేవి. ఎవరు దగ్గినా తలెత్తి, ఆ మనిషికి తను ఎప్పుడైనా సెలవిచ్చిందా అని గుర్తుచేసుకునేది. ఒకసారి కిటికీ అంచు పట్టుకుని, "వాడొక్కడే కాదే. ఇంకా ఎంతమందికి ఇచ్చానో" అంది. అంతవరకు నాకు తట్టలేదు. ఆ మొండివి ఒకరి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోవు. వాళ్లు బస్సుల్లో తిరుగుతారు, ఇంట్లో పిల్లల్ని ముద్దాడతారు.

నాలుగో రోజు పొద్దున తమ్ముడు ముఖం కడుక్కుంటూ దగ్గాడు. తొట్టి ఎర్రగా అయింది. ఆమె ఆ తొట్టి కడగలేదు, జుట్టు ముడి కూడా వేసుకోలేదు. తిన్నగా వచ్చి, నా వైపు చూడకుండా, డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. తలుపు వేయడం మర్చిపోయింది, అన్నీ వినపడ్డాయి.

"ఆ టిక్కులు దొంగవి డాక్టరమ్మా. ఐదారు వారాల మందు వాడికి నేనే ఎగ్గొట్టాను. జాలిపడి."

డాక్టరమ్మ పెన్ను తీసి అడిగింది. "ఇంకెవరికి?"

మందక్క పద్నాలుగు పేర్లు చెప్పింది. కాగితం చూడకుండా, ఎవరికి ఎన్ని రోజులో కూడా చెప్పింది. నా గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆ మాట కోసం నేను చెక్క గోడ పట్టుకుని ఎదురుచూశాను, రాలేదు. ఆ తర్వాత కూడా నా అంతట నేను వెళ్లి చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నాను.

ఆమెను పనిలోంచి ఆపేశారు. తమ్ముడి కఫం పెద్ద లాబ్‌కు వెళ్లింది. అక్కడ ఆ క్రిమిని పెంచి చూడటానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ఆ ఆరు వారాలూ ఆమె రోజూ వచ్చి రోగుల బెంచీ మీద కూర్చునేది. కవరు వచ్చిందా అని నోటితో అడిగేది కాదు, కళ్లతో అడిగేది. మిగతా రోజంతా ఆ పద్నాలుగు ఇళ్లు తిరిగేది. తలుపు కొట్టి, "మీకు దగ్గేమైనా వస్తోందా?" అని అడగడం ఎంత కష్టమో నాకు ఒకసారి చెప్పింది. వాళ్లు సంతోషంగా లోపలికి రమ్మంటారట, టీ పెడతామంటారట. నీ చలవ వల్లే బతికామంటారట. పదకొండుమంది బాగానే ఉన్నారు. ఇద్దరికి మళ్లీ వచ్చింది. ఒకాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకూ తెలియదు.

కవరు ఒక మంగళవారం వచ్చింది. ముఖ్యమైన మందులు రెండింటికీ క్రిమి చావదు. చచ్చే మందులు వేరే ఉన్నాయి. రోజూ వేయాలి, రెండేళ్లు వేయాలి, వాటిలో ఒకటి సూది. వాటితో చెవులు గింగురుమంటాయి, కొందరికి వినికిడి పోతుంది. మందు మొదలుపెట్టడానికి తమ్ముణ్ని ఊరి చివర పెద్దాసుపత్రి వార్డులో చేర్చారు. స్లైడ్ల బాబాయి ఆ కాగితం తనే తీసుకొచ్చి ఆమెకు చదివి చెప్పాడు. "తెలిసింది కదమ్మా, అదే మంచిది. ఇక తప్పులేకుండా కొడదాం" అన్నాడు. ఆమెను ఆయన మూర్ఖురాలనలేదు. ఆ మాట ఇక ఎవరినీ అనగా నేను వినలేదు.

పోయిన ఆదివారం నేను ఆ వార్డుకు వెళ్లాను. మందు మొదలై నాలుగు నెలలైంది. మూతికి గుడ్డ కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సమ్మ ఇస్తే వాడు మింగడం మానేశాడట, అందుకని రోజూ మందక్కనే లోపలికి పంపుతున్నారు. ఆమె చిన్న పళ్లెంలో పదమూడు మాత్రలు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఒక్క రోజక్కా" అన్నాడు. "ఒక్క రోజే. రాత్రంతా చెవిలో మోటారు తిరుగుతోంది. కడుపులో ఏమీ లేదు, పైత్యం వస్తోంది. ఊళ్లోవాళ్లందరికీ సెలవిచ్చావు. నాకు ఈ ఒక్క రోజు ఇవ్వు."

"ఇవ్వను. లే."

"నన్ను చంపుతున్నావు నువ్వు."

"లే నాన్నా."

వాడు లేచాడు. ఆమెను అనరాని మాటలన్నాడు. తల్లిని తలుచుకుని ఏడ్చాడు. ఆమె పళ్లెం పక్కకు జరపలేదు. ఒక్కొక్కటే ఇచ్చింది. ఏడో మాత్ర బయటికొచ్చేసింది. తుడిచి, ఇంకొకటి తీసి ఇచ్చింది. పదమూడూ అయ్యేసరికి గంట పట్టింది.

"నోరు తెరువు" అంది. "నాలుక పైకెత్తు."

ఎత్తాడు. ఆమె వంగి, బుగ్గల లోపల కూడా చూసింది.

బయటికి వచ్చాక వరండాలో గోడకానుకుని నిలబడింది. నేను భుజం మీద చెయ్యేశాను.

"నాకు ఆ క్రిమి అంటే అంత భయం లేదే" అంది. "దాని సంగతి తెలిసిపోయింది. నాకు నేనంటేనే భయం. రేపు మళ్లీ అడుగుతాడు. ఎల్లుండి అడుగుతాడు. ఇంకా ఇరవై నెలలు రోజూ అడుగుతాడు. ఒక్క రోజు నా మనసు కరిగిందంటే వాడు పోతాడు. కరక్కుండా ఉండగలనంటావా?"

ఉండగలవు అక్కా అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది, నేను చూపు తిప్పుకున్నాను.